యుద్ధరంగంలో మాట: మూసారాంబాగ్ గుట్ట నుంచి కార్గిల్ దాకా

1. సైనికుడికి తెలియాల్సింది

పోరు మధ్యలో ఉన్న సైనికుడికి తెలియాల్సిన విషయాలు ఐదే ఐదు. శత్రువు ఎక్కడున్నాడు, తనవాళ్లు ఎక్కడున్నారు, చేయాల్సిన పని ఏమిటి, ఎప్పుడు చేయాలి, పక్కవాడు ఇంకా నిలిచే ఉన్నాడా. వీటికి జవాబు దొరికినంతసేపు అతడు పోరాడతాడు. దొరకనప్పుడు ధైర్యవంతుడు కూడా ఉన్నచోటే నేలకు అతుక్కుపోతాడు, లేదా వెనక్కి చూస్తాడు. సైన్యాలు చెదిరిపోయిన సందర్భాల్లో చనిపోయినవారి సంఖ్య కంటే జవాబు దొరకనివారి సంఖ్యే ఎక్కువగా ఉంటుంది.

ఈ జవాబులు చేరవేయడానికి యుద్ధరంగమంత అననువైన చోటు మరొకటి లేదు. తుపాకుల మోతలో పది అడుగుల దూరంలోని కేక వినబడదు. పొగ, దుమ్ము, చీకటి కంటికి అడ్డుపడతాయి. ప్రాణభయంలో మనిషి విన్నదాన్ని సగమే గ్రహిస్తాడు. చెప్పాల్సినవాడు చెప్పేలోపే కూలిపోవచ్చు. వీటన్నిటికీ తోడు శత్రువు కూడా చెవి ఒగ్గి వింటూ ఉంటాడు.

ఇన్ని అడ్డంకుల మధ్య ఎక్కువ మాటలు సాగవు. అందుకే ప్రపంచంలోని సైన్యాలన్నీ ఒకే దారి పట్టాయి. చెప్పాల్సినదంతా పోరుకు ముందే చెప్పి, అభ్యాసం చేయించి, ఒప్పందం చేసుకుంటాయి. పోరులో ఒక చిన్న గుర్తు మాత్రమే అందుతుంది. అది డోలు దెబ్బ కావచ్చు, చేతి సైగ కావచ్చు, రేడియోలో ఒక్క ముక్క కావచ్చు. ఆ గుర్తుకు బలమిచ్చేది దాని వెనుకనున్న ముందస్తు ఒప్పందం. ఒప్పందం గట్టిగా ఉన్నచోట చిన్న సైగ దండును నడిపించింది. అది లేనిచోట రాజు పంపిన ఉత్తర్వు కూడా దండును కూల్చింది. ఈ రెండింటికీ హైదరాబాద్ తూర్పు అంచున, దిల్‌సుఖ్‌నగర్ పక్కనే, చరిత్ర సాక్ష్యం నిలిచి ఉంది.

2. భేరి, జెండా, వేగు

కౌటిల్యుడి అర్థశాస్త్రం పదో అధికరణం యుద్ధ నిర్వహణ గురించినది. దండు విడిపోవడానికి, కూడడానికి, ఆగడానికి, నడవడానికి, దెబ్బతీయడానికి వాద్యాలు, జెండాలు, పతాకాలతో సంకేతాలు ఏర్పరచుకోవాలని అది చెబుతుంది. సంకేతాలను సేనాపతి ముందే నిర్ణయించాలి. ప్రతి విభాగం వాటిని గుర్తుపట్టగలగాలి. రెండు వేల ఏళ్ల కిందటి ఈ సూత్రంలో నేటి సైనిక సిగ్నల్స్ శాఖ చేసే పని అంతా బీజరూపంలో ఉంది.

దక్కన్ సైన్యాల్లో చెవికి నగారా, డంకా, కొమ్ము, బాకా. కంటికి జెండా, ఏనుగు అంబారీ. దూరానికి గుర్రపు రౌతు, వార్తలు మోసే హర్కారా. ఏనుగు మీద కూర్చున్న రాజు అందరికీ కనబడడమే ఒక సందేశం. అంబారీ ఖాళీగా కనిపించిందంటే రాజు పడిపోయాడనే అర్థం తీసుకుని దండు చెదిరిపోయేది. ఈ పద్ధతిలో బలహీనత అదే. నగారా ‘కదలండి’ అని చెప్పగలదు గానీ ‘ఎడమ చివరనున్న మూడు వందల మంది మాత్రం కదలండి’ అని చెప్పలేదు. సూక్ష్మమైన ఆజ్ఞను హర్కారా మోసుకెళ్లాలి. అతడు చేరేసరికి పరిస్థితి మారిపోయి ఉండేది.

తుపాకీ పట్టిన కాల్బలం వచ్చాక ఈ లోపం ప్రాణాంతకమైంది. 18వ శతాబ్దపు మస్కెట్‌కు గురి తక్కువ. వందల తుపాకులు ఒకేసారి పేలితేనే ఫలితం ఉంటుంది. వందల మంది ఒకేసారి మందు కూరి, ఒకేసారి ఎత్తి, ఒకేసారి కాల్చాలంటే ఒకే ఆజ్ఞ అందరికీ ఒకే క్షణంలో చేరాలి. మొదటి తూటాల వరుసతోనే నల్లమందు పొగ కమ్ముకుని అధికారి కనబడకుండా పోతాడు. అప్పుడు మిగిలేది డోలు ఒక్కటే. యూరప్ సైన్యాల్లో డోలు కొట్టే కుర్రవాడు అధికారి పక్కనే నడిచేది ఇందుకే. నడక, వేగం, కూడిక, కాల్పుల ఆపివేత, వెనకడుగు, ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో దరువు. సిపాయి ఆ దరువును ఆలోచించి అర్థం చేసుకోనక్కరలేదు. నెలల తరబడి చేసిన కవాతు వల్ల కాలే దాన్ని గుర్తుపట్టేది.

3. మూసారాంబాగ్ గుట్ట

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రో మలక్‌పేట దాటాక మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా సాగుతుంది. ఇందులో మూసారాంబాగ్ పేరు ఒక ఫ్రెంచి సైనికుడిది. మిషెల్ జోషిం మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సులో పుట్టాడు. 1775లో వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చి సైనికుడయ్యాడు. మైసూరులో హైదర్ అలీ పక్షాన పనిచేసిన ఫ్రెంచి దళంలో ఉన్నాడు. తర్వాత బుస్సీ దగ్గర కొలువు చేశాడు. బుస్సీ మరణించాక హైదరాబాద్‌లో నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. కొద్ది వందల మందితో మొదలైన అతడి దళం పదేళ్లలో సుమారు 14,000 మందికి పెరిగింది. ఫిరంగుల కోసం పెట్టిన కార్ఖానా పేరే నేటి గన్‌ఫౌండ్రీ.

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. సరూర్‌నగర్ వైపు గుట్ట మీద అతడి సమాధి ఉంది. సుమారు ఏడు మీటర్ల ఎత్తున నల్లరాతి స్తంభం, దాని మీద ‘జె.ఆర్.’ అనే అక్షరాలు. స్థానికులు అతణ్ణి మూసా రాం అనీ, మూసా రహీం అనీ పిలుచుకున్నారు. వర్ధంతి నాడు ఆ సమాధి దగ్గర ఉర్సు చాలాకాలం జరిగింది. పరాయిదేశపు సేనాని మీద సిపాయిలకు ఇంతటి ఆపేక్ష కలగడానికి కారణం జీతాలు సకాలంలో ఇవ్వడం ఒక్కటే అయి ఉండదు. తమ ప్రాణం ఎవరి ఆజ్ఞ మీద ఆధారపడి ఉందో ఆ మనిషిని నమ్మగలగడం కూడా ఆ ఆపేక్షలో ఉంది.

రేమండ్ తెచ్చిన అసలు మార్పు ఆయుధాల కంటే ఆజ్ఞల వ్యవస్థలో ఉంది. అంతకుముందు నిజాం దండు జాగీర్దార్లు తెచ్చిన గుంపుల కలయిక. ఒక్కొక్క సర్దారు మనుషులకు ఆ సర్దారు గొంతే ఆజ్ఞ. పక్క సర్దారు మాట వారికి పట్టదు. రేమండ్ పల్టన్లలో యూరపియన్ అధికారి, అతడి కింద దేశీ సుబేదారు, జమేదారు, హవల్దారు అనే మెట్లు ఏర్పడ్డాయి. ఆజ్ఞ పైనుంచి మెట్టు మెట్టుగా దిగుతుంది, ఫలితం అదే మెట్ల మీద పైకి ఎక్కుతుంది. ఒక మెట్టు కూలితే తర్వాతివాడు ఆ స్థానంలోకి వస్తాడు. డోలు, జెండా, కవాతు ఈ మెట్లను ఒకదానితో ఒకటి కట్టే తాళ్లు. హైదరాబాద్ సైన్యానికి ఈ కట్టుబాటు ఎంత అవసరమో, అది ఎక్కడ తెగిపోతుందో 1795లో ఒకే రోజులో తేలిపోయింది.

4. ఖర్దా: పగలు నిలిచింది, రాత్రి చెదిరింది

ఖర్దా నేటి మహారాష్ట్రలో అహిల్యానగర్ జిల్లాలో, అంటే నిన్నటి అహ్మద్‌నగర్ జిల్లాలో ఉంది. 1795 మార్చి 11న అక్కడ నిజాం సైన్యం మరాఠాల కూటమిని ఎదుర్కొంది. మరాఠాలకు పరశురాం భావ్ పట్వర్ధన్ నాయకుడు. సింధియా వైపు పెరాన్ అనే మరో ఫ్రెంచివాడు నడిపిన పల్టన్లు ఎత్తైన చోట ఫిరంగులతో నిలిచాయి. నాగపూర్ భోంస్లే దండు వదిలిన రాకెట్లకు, ఫిరంగులకు నిజాం అశ్వికదళం చెదిరింది. రేమండ్ పల్టన్లు మాత్రం నిలబడి కాల్పులకు కాల్పులు బదులిచ్చాయి. పగటి వెలుగులో, అలవాటైన వరుసలో, అలవాటైన దరువు మీద ఆ సిపాయిలు తమకు నేర్పినదంతా చేసి చూపారు.

దెబ్బ పైనుంచి పడింది. నిజాం వెంట అంతఃపుర స్త్రీలు కూడా దండులోనే ఉన్నారు. వారి రక్షణ కోసం కంగారుపడిన నిజాం వెనుదిరిగి, రేమండ్‌ను కూడా వెనక్కి రమ్మని మళ్లీ మళ్లీ ఉత్తర్వులు పంపాడు. ఎదురుకాల్పుల్లో నిలిచిన దళాన్ని వెనక్కి తీయడం యుద్ధవిద్యలో అన్నిటికంటే కష్టమైన పని. ఎవరు ముందు కదలాలి, ఎవరు కాపు కాయాలి, ఎక్కడ ఆగాలి అనేది ముందే తేల్చుకోకపోతే వెనకడుగు పరుగుగా మారుతుంది. పైగా చీకటి పడింది. జెండా కనబడదు. అశ్విక సర్దారులకూ రేమండ్ పల్టన్లకూ మధ్య ఉమ్మడి సంకేతాలు ఉండి ఉంటే ఆ సాయంత్రం వేరుగా నడిచేదేమో.

మరాఠాల చరిత్ర రాసిన గ్రాంట్ డఫ్ ఆ రాత్రి జరిగినదాన్ని నమోదు చేశాడు. గుర్రాలకు నీళ్ల కోసం వెతుక్కుంటూ కొద్దిమంది మరాఠా రౌతులు ఒక వాగు దగ్గరికి వచ్చారు. అక్కడ రేమండ్ మనుషులు ఉన్నారు. గుర్తుపట్టి కాల్చారు. మందు కూరిన తుపాకులను పక్కన పెట్టుకుని పడుకున్న మిగతా పల్టన్ ఉలిక్కిపడి లేచి, ఎటు కాలుస్తున్నారో తెలియకుండానే ఒక్కసారిగా కాల్చింది. ఆ మోత విన్న నిజాం శిబిరం శత్రువు మీద పడ్డాడనుకుంది. దండు చీకట్లో చెల్లాచెదురైంది. నిజాం ఖర్దా కోటలో తలదాచుకున్నాడు. చివరకు భూములు వదులుకుని, మంత్రి అరిస్తూ జాను మరాఠాలకు అప్పగించి సంధి చేసుకోవాల్సి వచ్చింది. రోజంతా జరిగిన పోరులో పోయిన ప్రాణాలు చాలా తక్కువ. రాజ్యానికి కలిగిన నష్టం మాత్రం అపారం.

నిద్రలో లేచిన సిపాయికి ఆ క్షణంలో కావాల్సింది ఒక్క ప్రశ్నకు జవాబు: ఎదురుగా ఉన్నది శత్రువా, తనవాడా? దాన్ని తేల్చడానికే సైన్యాల్లో నిలదీత, జవాబు అనే పద్ధతి ఉంది. కాపలావాడు ఆపి అడుగుతాడు, వచ్చినవాడు ఆ రాత్రికి నిర్ణయించిన సంకేతపదం చెబుతాడు. ఆ పదం రోజూ మారుతుంది. ఒక కాపలావాడు పేల్చిన తూటా ఎందుకు పేలిందో వెనకనున్నవారికి వెంటనే తెలియజేసే మార్గం కూడా ఉండాలి. కారణం తెలియని తూటా దండులోకి భయాన్ని మోసుకొస్తుంది. ఖర్దా నేర్పిన పాఠాల్లో నేటికీ విలువ తగ్గనిది ఇదే.

5. కట్టు తెగిన కథ: 1798

రేమండ్ మరణం తర్వాత దళం పీరాన్ అనే అధికారి చేతికి వచ్చింది (ఖర్దాలో సింధియా వైపు ఉన్న పెరాన్ వేరు). ఫ్రెంచి గణతంత్రపు మూడు రంగుల జెండా హైదరాబాద్‌లో ఎగరడం ఈస్టిండియా కంపెనీవారికి కంటగింపుగా ఉండేది. 1798 సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. అక్టోబర్‌లో ఆ వార్త పల్టన్లకు చేరగానే సిపాయిలు జీతం బకాయిల కోసం తమ అధికారులనే నిర్బంధించారు. కంపెనీ అధికారులు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్, జాన్ మాల్కంల చొరవతో అక్టోబర్ 22న వేలమంది ఆయుధాలు కిందపెట్టారు. రక్తపాతం జరగలేదు.

ఖర్దాలో ఫిరంగుల ముందు నిలిచిన దళం మూడేళ్లకే పోరు లేకుండా విడిపోయింది. వారి కవాతు చెడలేదు, డోళ్లు మారలేదు. ఆజ్ఞ ఇచ్చేవారి మీద నమ్మకం పోయింది. సంకేతాల ఒప్పందం కింద ఇంకో ఒప్పందం ఉంటుంది: పైవాడు తన సిపాయిని మోసం చేయడని, వదిలేయడని. అది తెగినప్పుడు ఏ వాద్యమూ పనిచేయదు.

6. అద్దం, తీగ, అల

19వ శతాబ్దంలో మాట వేగం పుంజుకుంది. ఎండ దండిగా ఉండే భారత్‌లోనూ, అఫ్ఘాన్ సరిహద్దులోనూ హీలియోగ్రాఫ్ బాగా పనిచేసింది. అద్దంతో సూర్యకాంతిని మోర్స్ సంకేతాల్లో మెరిపిస్తే కొండ మీదివారు పదుల కిలోమీటర్ల అవతలి కొండకు సందేశం పంపగలరు. మబ్బు పడితే మాత్రం మౌనమే. ఆపై ఫీల్డ్ టెలిఫోన్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల వెంట పరిచిన తీగలు ఫిరంగి గుండ్లకు తెగిపోతూ ఉండేవి. తెగిన తీగను అతకడానికి లైన్‌మన్ గుండ్ల వర్షంలో పాకుతూ వెళ్లేవాడు. తీగ పనిచేయనప్పుడు చేతిలో చీటీతో పరుగెత్తే రన్నర్, అతడూ చేరకపోతే పావురం.

వేగం పెరిగినా, అంతకుముందు చీటీల కాలంలో ఉన్న ప్రమాదం పోలేదు. 1854 అక్టోబర్ 25న క్రిమియాలోని బాలక్లావాలో బ్రిటిష్ సేనాని రాగ్లాన్ కొండ మీద నుంచి శత్రువు ఎత్తుకుపోతున్న ఫిరంగులను చూసి, వాటిని కాపాడమని చీటీ పంపాడు. లోయలో ఉన్న అశ్వికదళ నాయకుడు లూకన్‌కు ఆ ఫిరంగులు కనబడవు. అతడికి కనబడింది లోయ చివరనున్న రష్యన్ ఫిరంగులు. అతడి కింద ఉన్న లైట్ బ్రిగేడ్ వాటి మీదికే దూకి తీవ్రంగా నష్టపోయింది. చెప్పినవాడు చూస్తున్నది, విన్నవాడు చూస్తున్నది ఒకటి కానప్పుడు స్పష్టమైన వాక్యం కూడా తప్పుదారి పట్టిస్తుంది. అందుకే నేటి ఆజ్ఞల్లో నేల గురించిన వర్ణన మొదట వస్తుంది.

భారత సైన్యంలో సిగ్నల్స్ దళం 1911 ఫిబ్రవరి 15న ఏర్పడింది. ‘తీవ్ర చౌకస్’ దాని నినాదం. రెండో ప్రపంచ యుద్ధంలో వీపున మోసుకెళ్లే వైర్‌లెస్ సెట్లు కంపెనీ స్థాయికి దిగాయి. అమెరికన్ల ఎస్‌సీఆర్-300 సుమారు ఐదు కిలోమీటర్ల దూరం మాట చేర్చేది. అప్పటినుంచి ఆజ్ఞ రన్నర్ కాళ్ల మీద ఆధారపడడం తగ్గింది.

1948 సెప్టెంబర్‌లో విజయవాడ నుంచి బయలుదేరిన భారత సైన్యపు దళం కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాద్ వైపు సాగింది. నేడు ఎల్బీ నగర్ కూడలి నుంచి తూర్పుకు వెళ్లే జాతీయ రహదారి ఆ దారే. సెప్టెంబర్ 17 సాయంత్రం అప్పటి నిజాం కాల్పుల విరమణ ప్రకటించి, హైదరాబాద్ రేడియోలో ప్రసంగించాడు. ఎన్నో దిక్కుల్లో చెదిరి ఉన్న దళాలకు ‘ఇక చాలు’ అనే మాట ఎంత తొందరగా చేరితే అన్ని ప్రాణాలు మిగులుతాయి. యుద్ధం మొదలుపెట్టే ఆజ్ఞ కంటే ఆపే ఆజ్ఞకే వేగం ఎక్కువ కావాలి.

7. చేతి సైగ

రేడియోలు ఎన్ని వచ్చినా పదిమంది ఉండే సెక్షన్‌లో మొదటి భాష చేతిదే. శత్రువుకు దగ్గరగా వెళ్లేటప్పుడు గొంతు విప్పకూడదు. అరచేయి పైకెత్తితే ఆగు. అరచేతిని నేలవైపు తిప్పి కిందికి అదిమితే పడుకో. అరచేయి తలమీద పెట్టుకుంటే నా దగ్గరికి చేరండి. బొటనవేలు కిందికి చూపితే శత్రువు కనబడ్డాడు లేదా ఉన్నాడనే అనుమానం ఉంది. పైకి చూపితే ఎవరూ లేరు. ఈ సైగలు ముందువాడి నుంచి వెనకవాడికి ఒకరి తర్వాత ఒకరికి అందుతాయి. ప్రతి జవానూ తాను చూసిన సైగను తిరిగి చేసి వెనక్కి పంపాలి, వెనకవాడు దాన్ని చూశాడో లేదో తిరిగి చూడాలి. గొలుసులో ఒక్కడు తల తిప్పకపోతే సగం సెక్షన్ ఆగిపోయి, సగం ముందుకు నడుస్తుంది.

ఎల్బీ నగర్ కూడలిలో సిగ్నల్ దీపాలు ఆరిపోయిన రోజున ట్రాఫిక్ కానిస్టేబుల్ రెండు చేతులతో నాలుగు దిక్కుల వాహనాలను నడిపిస్తాడు. ఆ చేతికి విలువ వచ్చింది దాని అర్థం ప్రతి డ్రైవరుకూ ముందే తెలిసి ఉండడం వల్ల. సెక్షన్ కమాండర్ చేతికీ బలం అక్కడినుంచే వస్తుంది.

కాల్పులు మొదలయ్యాక మౌనం అక్కర్లేదు. అప్పుడు గొంతే ఆయుధం. లక్ష్యం చూపించడానికి హవల్దార్ చెప్పే మాటకు ఒక క్రమం ఉంటుంది: ‘సెక్షన్! మూడు వందలు. కుడి అర్ధం. ఒంటరి చెట్టు. చెట్టుకు మూడు గంటల దిశ, పొద. పొదలో శత్రువు. కాల్చు!’ ఎవరికి, ఎంత దూరం, ఏ వైపు, ఏ ఆనవాలు, ఏ లక్ష్యం, ఏం చేయాలి. ఈ క్రమం ఎప్పుడూ మారదు. మోతలో ఒక ముక్క వినబడకపోయినా మిగతా ముక్కల స్థానాన్ని బట్టి జవాను దాన్ని పూరించుకోగలడు. దూరం మొదట చెప్పడం వల్ల మిగతాది వినేలోపు రైఫిల్ మీద గురి సరిచేసుకోవచ్చు. గడియారపు ముల్లులా దిశ చెప్పడం వల్ల వేలు చూపించాల్సిన పని లేదు.

అమెరికన్ రచయిత ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో ప్రచురించిన పుస్తకంలో, కాల్పుల్లో పడ్డ సైనికులు తరచుగా నోరు మెదపకుండా ఉండిపోతారని, పక్కవాడితో మాట కలిపిన దళమే ముందుకు కదులుతుందని రాశాడు. అతడు ఇచ్చిన అంకెలను తర్వాతివారు గట్టిగా ప్రశ్నించారు. మాట విలువ గురించి అతడన్నది మాత్రం శిక్షణల్లో నిలిచింది. ‘నేను కదులుతున్నా, కాపు కాయి’, ‘తూటాలు మారుస్తున్నా’, ‘కుడివైపు ఇద్దరు’ లాంటి చిన్న కేకలు సమాచారంతో పాటు ‘నేనిక్కడే ఉన్నాను’ అనే భరోసానూ మోస్తాయి.

8. రేడియోలో మాట తీరు

రేడియోలో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఎవరి మాటా వినబడదు. అందువల్ల రేడియో మాట పొడిగా, కొలిచినట్టు ఉంటుంది. పేర్ల బదులు కాల్ సైన్లు. మాట ముగిసి జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ‘ఓవర్’, సంభాషణ ముగిసినప్పుడు ‘అవుట్’. అందింది అనడానికి ‘రోజర్’, అందింది, అమలు చేస్తాను అనడానికి ‘విల్కో’. వినబడకపోతే ‘సే అగైన్’. ‘రిపీట్’ అనకూడదు, ఎందుకంటే ఫిరంగి దళపు భాషలో ఆ మాటకు అదే లక్ష్యం మీద మళ్లీ కాల్చమని అర్థం. ఒక్క పొరపాటు మాట సొంతవాళ్ల మీద గుండ్లు కురిపించగలదు. అక్షరాలను అల్ఫా, బ్రావో, చార్లీ అని పలకడం, తొమ్మిదిని ‘నైనర్’ అనడం మోతలో తడబాటు లేకుండా ఉండడానికే.

ముఖ్యమైన ఆజ్ఞను విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. పంపినవాడు సరేనన్నాకే అది అందినట్టు లెక్క. పంపడంతో పని అయిపోయిందనుకునే అధికారి రాగ్లాన్ చేసిన తప్పే చేస్తాడు.

పోరులో ఇంత క్లుప్తంగా మాట్లాడగలగడానికి కారణం పోరుకు ముందు విస్తారంగా మాట్లాడుకోవడం. దాడికి ముందు కమాండర్ తన కిందివారిని కూర్చోబెట్టి, ఇసుకతో నేల నమూనా చేసి, కొండ ఎక్కడ, వాగు ఎక్కడ, శత్రు బంకర్ ఎక్కడ అని చూపిస్తాడు. పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, చివరగా ఆజ్ఞలు, సంకేతాలు అనే క్రమంలో వివరిస్తాడు. తాను పడిపోతే తర్వాత ఎవరు నడిపించాలో కూడా అప్పుడే చెబుతాడు. గెలిస్తే పంపాల్సిన సంకేతం అప్పుడే నిర్ణయమవుతుంది. కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్‌లో, పాయింట్ 5140 శిఖరాన్ని గెలిచిన కెప్టెన్ విక్రం బత్రా పంపిన ‘యే దిల్ మాంగే మోర్’ అలా ముందే ఒప్పుకున్న విజయ సంకేతం. కింద ఎదురుచూస్తున్న బెటాలియన్‌కు ఆ నాలుగు మాటలతో శిఖరం చేతికొచ్చిందని తెలిసిపోయింది.

9. ఏ భాషలో?

కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ దిల్‌సుఖ్‌నగర్‌లో రక్షణ ఉద్యోగాల పరీక్షలకు చదివే తెలుగు కుర్రవాళ్లు ఏటా కనబడతారు. వారిలో ఎంపికైనవాడు రెజిమెంటల్ సెంటర్ చేరగానే ఎదుర్కొనే మొదటి సవాలు భాష. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, తేజ్ చల్, థమ్ అనే హిందీ ఆజ్ఞలకు అతడి శరీరం ఆలోచన లేకుండా స్పందించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, పక్క మంచంలో మలయాళీ, అవతల కన్నడిగుడు. ముగ్గురికీ ఉమ్మడిగా అర్థమయ్యే కొన్ని వందల మాటలు ఏర్పడేదాకా వారు ఒక సెక్షన్ కాలేరు.

దక్షిణాది వారు ఎక్కువగా చేరే మద్రాస్ రెజిమెంట్ యుద్ధ నినాదం ‘వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు’. ఆ నినాదం తెలుగు జవాను మాతృభాషలోది కాదు. అయినా దాడి క్షణంలో అతడు దాన్నే అరుస్తాడు. చీకట్లో, పొగలో ఆ కేక ఎటునుంచి వస్తే అటు తనవాళ్లున్నారు. బిహార్ రెజిమెంట్ వారికి ‘జై బజరంగ్ బలీ’ అలాంటిదే. నినాదం ఉత్సాహాన్నిస్తుంది, ఆనవాలుగానూ పనిచేస్తుంది.

10. లోన్ హిల్, గల్వాన్

హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య రెండో రాజపుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. అదే కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న ద్రాస్ రంగంలోని లోన్ హిల్ మీద శత్రు స్థావరాన్ని పట్టుకునే బాధ్యత అతడిది. చుట్టూ మందుపాతరలు, పైనుంచి మెషిన్ గన్లు. దాడి మొదట్లోనే శత్రు ఫిరంగి గుండ్లు ముందు నడుస్తున్న ప్లటూన్ మీద సూటిగా పడ్డాయి. చాలామంది కూలిపోయారు. దాడి ఆగిపోయే క్షణం అది. ఆచార్య రిజర్వ్ ప్లటూన్‌ను తీసుకుని గుండ్ల మధ్య నుంచి తానే ముందు నడిచాడు. నిటారు రాతి గోడ మీద మనుషులు పడిపోతున్నా ప్రోత్సహిస్తూ ఎక్కించాడు. బంకర్ దాకా పాకి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, తనను అక్కడే వదిలేసి శత్రువు మీద పడండని తనవారికి ఆజ్ఞ ఇచ్చి, తాను పడినచోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు. స్థావరం వశమైంది. అతడు మాత్రం మిగల్లేదు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

‘నన్ను వదిలేసి వెళ్లండి’ అన్న ఆ ఆజ్ఞను పాటించడం ఏ జవానుకైనా కష్టం. వారు పాటించారు. లక్ష్యం ఏమిటో, అది పడితేనే బెటాలియన్ పని సాగుతుందని వారికి ముందే తెలుసు. ఎదురుగా నడిచి చూపిన కమాండర్ మాట మీద నమ్మకం ఉంది. 1798లో రేమండ్ దళంలో తెగిపోయిన ఒప్పందం, 1999లో ఒక ఒంటరి కొండ మీద నిలిచింది.

2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దులోని గల్వాన్ లోయలో తుపాకులు పేలలేదు. రాళ్లు, కర్రలు, ఇనుప ఆయుధాలతో చీకట్లో ముఖాముఖి పోరు. అందులో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బి. సంతోష్ బాబు సూర్యాపేట వారు. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ రహదారిపై వెళితే వారి ఊరు వస్తుంది. తీవ్రంగా గాయపడ్డాక కూడా ముందుండి దళాన్ని నడిపించినందుకు వారికి మహావీర చక్ర లభించింది. గుంపుగా కలబడిన చీకటి పోరులో నాయకుడు ముందు నిలిచి ఉండడమే అందరికీ చేరే ఆజ్ఞ.

11. వింటున్న శత్రువు

రేడియో మాట గాలిలో ప్రయాణిస్తుంది గనుక అది ఎవరికైనా దొరుకుతుంది. శత్రువు వినగలడు, ఎక్కడినుంచి వస్తోందో దిశ పట్టగలడు, అదే తరంగం మీద రొద నింపి మాటను ముంచేయగలడు. మాట అర్థం కాకపోయినా ఎక్కడ సెట్లు ఎక్కువయ్యాయో చూసి దాడి ఎటునుంచి వస్తుందో పసిగట్టగలడు. దీనికి విరుగుళ్లు నాలుగు. దాడి మొదలయ్యేదాకా రేడియో మౌనం. మాటను గుప్తీకరించడం. క్షణానికి అనేకసార్లు తరంగాన్ని మారుస్తూ పోయే ఫ్రీక్వెన్సీ హాపింగ్. అన్నీ విఫలమైనప్పుడు రన్నర్, చేతి సైగ, రంగు మంటలు చిమ్మే సిగ్నల్ పిస్టల్.

ఈ విద్యకు హైదరాబాద్ దేశంలో ప్రధాన కేంద్రం. ఎల్బీ నగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద కర్మన్‌ఘాట్, చంపాపేట దాటి సాగితే చాంద్రాయణగుట్టలో డీఆర్‌డీఓ వారి డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది. ఎలక్ట్రానిక్ యుద్ధవిద్యే ఆ ప్రయోగశాల పని. సైన్యం కోసం రూపొందిన ‘సంయుక్త’ వ్యవస్థలో దాని పాత్ర ప్రధానం. శత్రు సంకేతాలను పట్టడం, దిశ కనుక్కోవడం, అడ్డుకోవడం ఆ వ్యవస్థ బాధ్యతలు. నగరంలోని ఈసీఐఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఈ రంగంలో పనిచేస్తున్నాయి. రేమండ్ సమాధి ఉన్న గుట్టకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నేటి జవాను మాటకు కవచం తయారవుతోంది.

యంత్రం ఎంత నేర్పరి అయినా కొన్ని హద్దులు దాటలేదు. వీహెచ్‌ఎఫ్ తరంగాలు కొండ అడ్డం వస్తే చాలావరకు ఆగిపోతాయి. మంచు చలిలో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. ఆపరేటర్‌కు తూటా తగలవచ్చు. అందుకే ప్రతి ప్రణాళికలోనూ ఒక మార్గం తెగితే ఇంకొకటి, అదీ తెగితే మరొకటి అని వరుస రాసిపెట్టుకుంటారు. ఏదీ పనిచేయకపోతే ఏం చేయాలో కూడా ప్రతివాడికీ తెలిసి ఉండాలి. పైవాడి ఉద్దేశం తెలిసిన జవాను ఆజ్ఞ రాకపోయినా సరైన పని చేయగలడు.

12. పోరు ముగిశాక

లక్ష్యం చేతికి వచ్చాక కూడా మాట పని ముగియదు. ఎదురుదాడి సాధారణంగా వెంటనే వస్తుంది. ప్రతి సెక్షన్ కమాండర్ తన జవాన్లను లెక్కపెట్టుకుంటాడు. ఎంతమంది ఉన్నారు, ఎవరికి గాయం, ఎన్ని తూటాలు మిగిలాయి, ఏ దిక్కు కాపు లేకుండా ఉంది. ఈ నాలుగు ముక్కలు ప్లటూన్‌కు, అక్కడినుంచి కంపెనీకి, బెటాలియన్‌కు ఎక్కుతాయి. పై నుంచి తూటాలు, స్ట్రెచర్లు, కొత్త కాపు స్థానాలు దిగివస్తాయి. జవాబు రాని పేరు కోసం వెతకడానికి మనుషులు వెళతారు.

అర్థశాస్త్రపు భేరి నుంచి తరంగాలు మార్చే రేడియో దాకా పరికరం ఎన్నోసార్లు మారింది. పరికరం మోసే ఒప్పందం మారలేదు. గుర్తు ముందే నిర్ణయం కావాలి, దాన్ని అందుకున్నవాడు అందిందని చెప్పాలి, తెగితే ప్రత్యామ్నాయం ఉండాలి, ఆజ్ఞ ఇచ్చేవాడు నమ్మదగినవాడై ఉండాలి. ఈ నాలుగూ ఉన్న దళం ఖర్దా లాంటి రాత్రిని కూడా దాటగలదు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా వేల మంది ఉన్న దండు సైతం ఒక్క అర్థంకాని తూటాకు చెదిరిపోతుంది. సైన్యాలు శాంతికాలంలో ఏళ్ల తరబడి కవాతు, సైగలు, రేడియో అభ్యాసం చేస్తూ ఉండడానికి కారణం ఇదే. యుద్ధం మొదలయ్యాక ఒప్పందం కుదుర్చుకునే సమయం ఎవరికీ దొరకదు.